లోకం మునుగుతుంటే కోళ్ళవేట

వదినకి రెండు విషయాల్లో తనంత మొనగత్తె లేదని గట్టి నమ్మకం. ఒకటి, కథల్లో తప్పులు పట్టడం. రెండోది, నెత్తి మీద ఎంత పని పడినా నిమ్మకు నీరెత్తినట్టు ఉండటం. నలభై మూడేళ్ళపాటు చెక్కుచెదరని ఈ రెండు నమ్మకాలూ ఒక జపాన్ వీడియో గేమ్ ధర్మమా అని ఒకే నెలలో మట్టి కరిచాయి.

ఆ గేమ్‌ని ఇంట్లోకి తెచ్చింది మరదలు, అంటే భర్తకి చెల్లెలు. ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం వచ్చి, ఏడాది క్రితం రెండు సూట్‌కేసులతో, ఒక నల్లపెట్టెతో అన్నగారింట్లో దిగింది. ఆ నల్లపెట్టె కరెంటు స్టెబిలైజర్ లాంటిదేదో అయి ఉంటుందని వదిన తనంతట తనే తేల్చుకుంది. టీవీ కింద బోడిగా ఉందని, స్వయంగా అల్లిన లేసు గుడ్డ ఒకటి నాలుగు మూలలూ సమంగా వచ్చేలా దాని మీద కప్పింది. పావుగంటలో పెట్టె ఊపిరాడక ఆగిపోయింది.

"అది గాలి పీల్చుకోవాలి వదినా! ఇంకో ఐదు నిమిషాలైతే ప్రాణం పోయేది" అంది మరదలు, గుడ్డ లాగేస్తూ.

"గుడ్డ బావుందా లేదా, అది చెప్పు ముందు" అంది వదిన.

మరదలు ఉదయం ఆరింటికి ల్యాబుకి వెళ్ళి ఒంటిగంటన్నరకి వచ్చేది. రెండు నుంచి నాలుగు దాకా టీవీ ముందు కూర్చుని ఆడేది. అరవై డెబ్భై గంటలు సాగే పెద్ద కథ అది. అందులో నాయకుడి వేషం మనదే. కాసేపు కథ నడుస్తుంది, దారిలో రాక్షసులు ఎదురవుతారు, యుద్ధం, మళ్ళీ కథ. వదిన మొదట్లో బట్టలు మడతపెట్టే నెపంతో వెనక కూర్చునేది. మడతపెట్టిన తువ్వాళ్ళనే విప్పి మళ్ళీ మడతపెడుతున్నానని ఆవిడకి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒకరోజు ఉండబట్టలేక అడ్డుపడింది.

"ఆగాగు! ఆ ముసలాయన ఏదో చెప్పబోతుంటే అలా బటన్ నొక్కేసి దాటించావేం?"

"ఏం చెప్తాడు వదినా? ఊరు మునిగిపోయింది బాబూ, నువ్వే దిక్కు అంటాడు. అందరూ అదే అంటారు. యుద్ధం దగ్గరికెళ్ళిపోదాం."

"ఇల్లూ వాకిలీ పోయి మనిషి ఏడుస్తుంటే మొహం మీద తలుపేస్తావా? ఇదేనా మీ పుట్టింట్లో నేర్పిన మర్యాద?"

"నేనిప్పుడు పుట్టింట్లోనే ఉన్నా వదినా. అత్తారింట్లో ఉన్నది నువ్వు."

వదిన బట్టల బుట్ట పక్కన పెట్టి, సోఫాలోకి వచ్చి కూర్చుంది. ఆ రోజు నుంచి ఒప్పందం కుదిరింది. తెర మీద ఇంగ్లీషులో పడే మాటల్ని వదిన తెలుగులో, గొంతులు మార్చి, అక్కడక్కడ సొంత కవిత్వం కలిపి చదువుతుంది. యుద్ధం మరదలు చేస్తుంది. ఒప్పందం కుదిరింది కానీ ఏకాభిప్రాయం ఏనాడూ కుదరలేదు.

ఆ ఆటలో యుద్ధానికి రెండు పద్ధతులున్నాయి. 'వంతులు' పెడితే మనం ఒక దెబ్బ కొట్టాక శత్రువు ఒక దెబ్బ కొడతాడు, మళ్ళీ మన వంతు వచ్చేదాకా ఎవరూ కదలరు. 'వేగం' పెడితే ఎవరి వంతూ లేదు, ఎవరు ముందు కొడితే వాళ్ళదే. వదినది వంతుల పార్టీ, మరదలిది వేగం పార్టీ.

"పద్ధతిగా లేదూ? నేను కొట్టాను, ఇప్పుడు వాడు కొడతాడు" అనేది వదిన.

"బ్యాంకులో టోకెన్లిచ్చినట్టుంది. కత్తెత్తినవాడు నీ నంబరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చుంటాడా? నరం దొరికిన క్షణంలో గుచ్చెయ్యాలి వదినా. ఆలోచిస్తూ కూర్చుంటే నరం జారిపోతుంది, ఎదుటివాడు కళ్ళు తిరిగి పడిపోతాడు."

"నీ వేగం నేను చూశాలే. గది నిండా గెంతడం, దొర్లడం, ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలీదు. సగంసేపు గోడనే కొట్టావు."

"గోడ వెనకాల నిధి ఉంటుందేమోనని."

"కారు వెనక్కి తీస్తూ గేటుని గుద్దిన రోజు మీ అన్నయ్య కూడా ఇలాంటి కారణమే చెప్పారు. చూడమ్మా, నాది వంటిల్లు. నాలుగు పొయ్యిలున్నా చెయ్యి ఒక్కటే, ఒకటయ్యాకే ఇంకోటి. మధ్యలో బెల్లు మోగిందనుకో. నేను తలుపు తీసి, కబుర్లు చెప్పి, వచ్చి కూర్చునేదాకా ఆ రాక్షసుడు ఎత్తిన కత్తి దించకుండా అలాగే నిలబడతాడు. అంత మర్యాదస్థుణ్ణి నా కాపురంలో ఇంతవరకు చూళ్ళేదు."

వేగాన్ని విమర్శించే ముందు ఒకసారి ఆడి చూడాలన్న న్యాయబుద్ధి ఆవిడకి లేకపోలేదు. ఒక మధ్యాహ్నం ఆడి చూసింది. రాక్షసుడు గద ఎత్తగానే కంట్రోలర్‌తో పాటు తనూ ఎడమవైపుకి ఒరిగి, ఇంకా ఒరిగి, సోఫా మీంచి కిందపడింది. తెర మీద నాయకుడు మాత్రం అంగుళం కూడా కదలకుండా నిలబడి దెబ్బ తిన్నాడు.

"వదినా, నువ్వు తప్పించుకున్నావు. వాడే పోయాడు" అంది మరదలు, లేవదీస్తూ.

మోచేతి మీద కమిలిన మచ్చకి కారణమేంటని సాయంత్రం భర్త అడిగితే, తలుపు తగిలిందని చెప్పింది.

కథ సంగతికొస్తే అక్కడ ఆవిడే న్యాయమూర్తి. నాయకుడు జ్ఞాపకం పోయిన కుర్రాడు. వాడి వెంట వైద్యం తెలిసిన ఒక జడల పిల్ల. ఎత్తైన గోపురంలో ఒక గ్రంథపాలకుడు కూర్చుని లోకంలో అందరి జ్ఞాపకాలూ లాగేసి పుస్తకాల్లో బంధిస్తున్నాడు. ఒక్కో పుస్తకం నిండేకొద్దీ సముద్రం పొంగి ఒక్కో ఊరు మునుగుతోంది.

"జ్ఞాపకం పోయినవాడికి కత్తి తిప్పడం ఎలా గుర్తుంది?" అని వదిన ప్రశ్న.

"చేతి జ్ఞాపకం వేరే ఉంటుంది వదినా. డాక్టర్లు కూడా చెప్తారు."

"మీ అన్నయ్యకి రెండూ లేవు కాబోలు, పాపం."

ఆవిడకి అన్నిటికంటే ఒళ్ళు మండేవి అసలు కథతో సంబంధం లేని అడ్డపనులు. లోకం మునుగుతోంది, రేపో మాపో అంతా సరి. ఆ కుర్రాడేమో దారిలో ఎవరు ఏ పని చెబితే అది చెయ్యడానికి సిద్ధం. ఒకడి ఉత్తరం ఇంకొకడికి ఇస్తాడు, చెరువు గట్టున చేపల పోటీలో కూర్చుంటాడు. పడవల రేవులో ఒంటరిగా ఉండే ఒకావిడ, పదకొండు కోళ్ళు తప్పిపోయాయి వెతికిపెట్టమంది.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. అలా ఉంది!" అంది వదిన. "లోకం మునుగుతుంటే కోళ్ళ వెంట పడేవాడికి బుద్ధుందా? ఈ కథ రాసినవాడికైనా ఉండక్కర్లేదా? పద, గోపురానికి."

ఇంత తెలిసిన మనిషికి ఒక బలహీనత ఉంది. దొరికిన అమృతం సీసాలేవీ వాడనిచ్చేది కాదు. ఒక్క సీసా తాగితే చావబోయేవాడు లేచి నిలబడతాడు. అవి నలభై మూడు పోగయ్యాయి.

"వదినా, కుర్రాడు చస్తున్నాడు. ఒక్కటి పొయ్యి."

"ఇప్పుడే వద్దు. ముందు ముందు అవసరం రావచ్చు."

"ఇంతకంటే అవసరం ఏముంటుంది? గాజు బీరువాలో కప్పుల్లాగే ఉంది నీ వ్యవహారం. ఆ కప్పుల్లో ఎవరైనా టీ తాగడం నేను చూళ్ళేదు."

"పగిలితే?"

కుర్రాడు పోయేవాడు. మళ్ళీ మొదట్నుంచి. సీసాలు భద్రంగా ఉండేవి.

చావడం, మళ్ళీ మొదలుపెట్టడంతోనే అలా పన్నెండు నెలలు గడిచాయి. గోపురం ఒక్కటే మిగిలింది. ఒకరోజు సాయంత్రం టీ తాగుతూ మరదలు చెప్పింది.

"నన్ను కొత్త బ్రాంచికి వేశారు అన్నయ్యా. అక్కడ నేనే ఇన్‌చార్జిని."

అన్నగారు పొంగిపోయాడు. వదిన కూడా పొంగిపోయింది. "అబ్బో! ఇంక సూదులు గుచ్చక్కర్లేదు, గుచ్చేవాళ్ళని గుచ్చొచ్చు" అంది. తర్వాత, కప్పులు తీస్తూ, "ఎప్పుడూ?" అంది.

"పద్దెనిమిది రోజుల్లో. ఇక్కణ్ణుంచి పది గంటల ప్రయాణం. ఈలోపు ఆట ముగించేద్దాం వదినా, మహా అయితే నాలుగు గంటల పని. పెట్టె నాతో తీసుకెళ్ళిపోతాగా మరి."

కప్పులు కడుగుతూ వదిన లెక్క వేసుకుంది. రోజుకి రెండు గంటలు, నాలుగు గంటల ఆట. అంటే రెండు మధ్యాహ్నాలు. మూడో మధ్యాహ్నం నుంచి ఏం చెయ్యాలి? తువ్వాళ్ళు మడతపెట్టాలి.

మర్నాడు రెండింటికి కంట్రోలర్ ముందుగా తనే అందుకుంది.

"ఆ రేవులో కోళ్ళావిడ గుర్తుందా నీకు?"

"బుద్ధుందా అని నువ్వు తిట్టిన ఆవిడేగా?"

"ఆవిణ్ణెందుకు తిడతాను, రాసినవాణ్ణి తిట్టాను. పాపం, ఒంటరి మనిషి. ఒక్క రోజులో పట్టేసి వచ్చేద్దాం."

మొదటి రోజు ఒక కోడి దొరికింది. రెండో రోజు కోడి దొరకలేదు గానీ, దీపస్తంభం కాపలావాడు వాళ్ళ మామయ్యకి ఉత్తరం ఇమ్మన్నాడు. ఆ మామయ్య ఉన్న ద్వీపంలో చేపల పోటీ జరుగుతోంది. వదిన పోటీలో చేరింది. ఏ రాక్షసుడికి ఏది పడదో ఏడాదిగా తను రాసుకుంటూ వచ్చిన పుస్తకంలో ఇప్పుడు ఏ చేప ఏ పూట పడుతుందో రాయడం మొదలుపెట్టింది, గీతలు కొట్టి మరీ. మరదలు ఆవలించేది, ఫోను చూసుకునేది, ఏమీ అనేది కాదు.

పన్నెండో రోజుకి తొమ్మిది కోళ్ళు అయ్యాయి. ఆ రోజు భర్త ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. తెర వంక చూసి, బూట్లు విప్పుకుంటూ అమాయకంగా అన్నాడు.

"అదేంటోయ్, పోయినవారం నుంచీ ఎప్పుడు చూసినా కోళ్ళే పడుతున్నావు. లోకం మునుగుతోందన్నావు కదా?"

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. గదిలో పదో కోడి అరుపు ఒక్కటే వినపడుతోంది. మరదలు వదిన చేతిలోంచి కంట్రోలర్ తీసి బల్ల మీద పెట్టింది.

"వదినా, నిజం చెప్పు. నీకు గెలవాలని లేదు కదూ?"

"ఛ! బలం పెంచుకోవద్దూ?"

"బలమా? బలానికి వంద మెట్లుంటే మనవాడు తొంభై రెండో మెట్టు మీదున్నాడు. గ్రంథపాలకుడు అరవైలో ఉన్నవాడి చేతిలోనే పడిపోతాడు."

"జాగ్రత్త మంచిది కదా."

"వదినా."

"ముగిస్తే నువ్వు పెట్టె సర్దేస్తావు" అంది వదిన. అనేశాక తనకే వింతగా అనిపించింది. కథలో ఏ పాత్రయినా ఇంత సూటిగా మనసులో మాట చెప్పేస్తే, రాసినవాడికి చేతకాలేదని ముందుగా తనే అనేది.

"ముగించినా, ముగించకపోయినా నేను వెళ్తాను కదా" అంది మరదలు నెమ్మదిగా. "లోకం మునుగుతుంటే కోళ్ళ వెంట పడేవాడికి బుద్ధి లేదన్నది నువ్వే."

"అన్నాను. వాడికి లేదన్నాను. నాకుందని ఎప్పుడైనా అన్నానా?"

ఇద్దరూ నవ్వారు. కోళ్ళావిడ ఇంట్లో ఒక మంచం ఉంది. ఆ ఆటలో ఎక్కడ పడితే అక్కడ ఆగి దాచుకోవడం కుదరదు, మంచం కనిపించిన చోట పడుకుంటేనే అప్పటిదాకా ఆడినదంతా భద్రం. కుర్రాణ్ణి ఆ మంచం మీద పడుకోబెట్టి, రేపట్నుంచి గోపురమే అని నిర్ణయించుకున్నారు.

కానీ మర్నాడు ల్యాబులో మరదలికి బాధ్యతలు అప్పగించే పని మొదలైంది. రెండింటికి రావాల్సిన మనిషి ఏడింటికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేది. ఐదు రోజులు అలాగే పోయాయి. వదిన రోజూ రెండింటికి సోఫా మీద కూర్చుని, తొమ్మిది కోళ్ళని పన్నెండు రోజులు పట్టిన మహానుభావురాలు ఎవరా అని ఆలోచించేది.

చివరికి మిగిలింది ప్రయాణం రోజు పొద్దున్న ఒక్కటే. పదకొండింటికి కారు వస్తుంది. ఏడింటికల్లా ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. సూట్‌కేసులు గుమ్మం దగ్గర ఉన్నాయి. ఒకదాంట్లో బట్టల మధ్య నల్లపెట్టె కోసం సరిగ్గా దాని కొలతకి ఖాళీ ఉంది. ఆ ఖాళీ వదిలి సర్దింది వదినే.

"ఏ పద్ధతి?" అంది మరదలు.

వదిన గడియారం చూసింది. "వేగం పెట్టు. టైము లేదు."

"నువ్వు సోఫా గట్టిగా పట్టుకో అయితే."

గోపురం తొంభై అంతస్తులు. మరదలు గెంతింది, దొర్లింది, రెండుసార్లు గోడని కొట్టింది. ఒక్కసారి నిజంగానే గోడ వెనక నిధి ఉంది. అందులో నలభై నాలుగో అమృతం సీసా దొరికింది. పదింపావుకి పై అంతస్తు చేరారు. గ్రంథపాలకుడు కుర్చీలోంచి లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని, "నేనిదంతా ఎందుకు చేశానో తెలుసా?" అని మొదలుపెట్టాడు.

"నొక్కెయ్" అంది వదిన.

మరదలు తిరిగి చూసింది. "ఎవరూ, నువ్వేనా అంటున్నది?"

"వీడు పావుగంట మాట్లాడతాడు, నాకు తెలుసు. నొక్కెయ్."

"మనిషి ఏడుస్తుంటే మొహం మీద తలుపేస్తామా వదినా?" అంది మరదలు, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని. "చదువు. గొంతు మార్చి."

వదిన చదివింది. గ్రంథపాలకుడి కూతురు చిన్నప్పుడే పోయిందట. ఆ పిల్ల మొహం తనకి రోజురోజుకీ మసకబారుతోందట. లోకంలో ఎవరికైనా, ఎక్కడైనా ఆ పిల్ల గుర్తుందేమోనని అందరి జ్ఞాపకాలూ వెతుకుతున్నాడట. ఇందులో తప్పు పట్టడానికి కనీసం నాలుగు చోట్లున్నాయని వదినకి తెలుస్తూనే ఉంది. కానీ మూడో వాక్యం దగ్గరే చదవడం ఆపేసింది. మిగతాది మరదలు చదివింది. గొంతు మార్చలేదు, ల్యాబు రిపోర్టు చదివినట్టు చదివింది. అది ఇంకా ఘోరంగా ఉంది.

యుద్ధానికి ముందు మరదలు తనే వేగం తీసేసి వంతులు పెట్టింది. ఎందుకని వదిన అడగలేదు.

తొంభై రెండో మెట్టు మీదున్న కుర్రాడు ఈజీగా గెలుస్తాడనుకున్నారు. గ్రంథపాలకుడు ఒక పుస్తకం తెరిచి ఆ మెట్లన్నీ వాడి జ్ఞాపకంలోంచి లాగేశాడు. కుర్రాడు ఒకటో మెట్టుకి దిగిపోయి నేల మీద పడ్డాడు.

"వదినా, అమృతం."

వదిన తటపటాయించింది. "ఒక్కటే..."

"నలభై నాలుగున్నాయి!"

"సరే, సరే. పొయ్యి. రెండు పొయ్యి." ఆవిడ కళ్ళు మూసుకుని అంది. కళ్ళు తెరిచేసరికి కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత వదిన చెయ్యి ఆగలేదు. పదకొండయ్యేసరికి సీసాలు పంతొమ్మిదికి వచ్చాయి. గ్రంథపాలకుడు సగం నీరసించాడు, ఎత్తిన చెయ్యి అలాగే పైకి ఉంది. తెర కింద 'మీ వంతు' అని మెరుస్తోంది. బయట కారు హారన్ మోగింది.

ఇద్దరూ కదల్లేదు. హారన్ మళ్ళీ మోగింది.

"మన వంతే కదా?" అంది మరదలు. "వాడు ఆగుతాడు."

పెట్టెకి ఒక చిన్న మీట ఉంది. అది నొక్కితే నిద్రపోతుంది. కరెంటు ఉన్నంతకాలం లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మరదలు ఆ మీట నొక్కింది. పెట్టెని ఉన్నచోటే వదిలి, సూట్‌కేసులో దాని ఖాళీ చోట సోఫా మీది దిండు కుక్కింది.

"వచ్చేనెల రెండో శనివారం సెలవు పెట్టుకుని వస్తా. అప్పటిదాకా ఎవర్నీ స్విచ్చు ముట్టుకోనివ్వకు. అన్నయ్య జాగ్రత్త."

కారు వీధి మలుపు తిరగ్గానే వదిన ఇంట్లోకి వచ్చి, తెల్లకాగితం మీద 'ముట్టుకోవద్దు' అని పెద్ద అక్షరాలతో రాసి, స్విచ్చుబోర్డు మీద అంటించింది. ఫోను చార్జింగు అక్కడ పెట్టబోయిన భర్తకి పావుగంట క్లాసు పీకింది. లోపల ఒకాయన కూతుర్ని తలుచుకుంటూ చెయ్యెత్తి నిలబడి ఉన్నాడని, ఆయన మర్యాదకి మనం మర్యాద ఇవ్వాలని చెప్పింది. భర్త ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. తర్వాత పదిరోజులు ఆయన ఆ గోడ వైపు కూడా చూడలేదు.

పదకొండో రోజు టీవీ తుడుస్తుంటే వదిన కంటికి ఒక సంగతి కనపడింది. కాగితం వంకరగా ఉంది. పెద్ద వంకరేం కాదు, కుడివైపు ఒక వేలెడు కిందికి. మామూలు మనుషులైతే వదిలేసేవారు. వదిన చేతిలో గుడ్డ పక్కన పెట్టి, కాగితం ఊడదీసి, బోర్డు అంచుకి సమంగా పట్టుకుని, నాలుగు మూలలూ బొటనవేలితో గట్టిగా నొక్కింది.

నాలుగో మూల కింద స్విచ్చు ఉంది.

నల్లపెట్టె మీద చిన్న దీపం ఆరిపోయింది. వదిన చాలాసేపు అలాగే నిలబడింది. కాగితం మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంది.

భోజనం టైముకి మరదలికి ఫోన్ చేసింది. అవతల ల్యాబులో గాజు గొట్టాల చప్పుడు వినపడుతోంది. ఏమీ దాచకుండా చెప్పింది. కాగితం వంకర దగ్గర్నుంచి చెప్పింది.

"వదినా, నిజం చెప్పు. కావాలనే చేశావు కదూ?"

"ఒట్టు! కాగితం వంకరగా ఉందే!"

"ముట్టుకోవద్దని రాసిన కాగితాన్ని ముట్టుకున్నావు."

"వంకరగా ఉంది" అంది వదిన మళ్ళీ, నీరసంగా. కావాలని చెయ్యలేదు. అంత మాత్రం ఖచ్చితంగా తెలుసు. దీపం ఆరినప్పుడు గుండెల్లో రాయి పడిందన్నదీ నిజమే. ఆ రాయి పడ్డ చోట కాస్త చల్లగా ఎందుకు అనిపించిందన్నది మాత్రం ఫోనులో చెప్పే సంగతి కాదు.

మరదలు నవ్వడం మొదలుపెట్టింది. పక్కనెవరో ఏమైంది మేడమ్ అని అడగడం, తను ఏం లేదనడం వినపడింది.

"మనం చివరిసారి ఎక్కడ పడుకోబెట్టాం వాణ్ణి?"

"కోళ్ళావిడ ఇంట్లో."

"అప్పటికెన్ని కోళ్ళు?"

"తొమ్మిది."

"సరే. నేను వచ్చేలోపు మిగతా రెండూ పట్టు. గోపురం జోలికి మాత్రం పోకు, అది ఇద్దరం ఎక్కుదాం. సీసాలు మళ్ళీ నలభై మూడు ఉంటాయి, సంతోషమేగా?"

సాయంత్రం భర్త వచ్చేసరికి వదిన సోఫా మీద కూర్చుని రేవు ఒడ్డున పొదలు వెతుకుతోంది. పక్కన గాజు బీరువాలోంచి తీసిన కప్పులో టీ ఉంది. మూత పెట్టి ఉంది, కప్పు కింద మడతపెట్టిన తువ్వాలు కూడా ఉంది, జారి పగలకుండా. ఆయన బూట్లు విప్పుకుంటూ తెర వంక చూశాడు.

"మళ్ళీ కోళ్ళా? లోకం మునుగుతోందన్నావు కదోయ్?"

"మునగనివ్వండి. ఇంకా రెండే ఉన్నాయి" అంది వదిన.